బక్‌వీట్ పిండి: అపోహలు - వాస్తవాలు

మొన్న ధర్మవరం నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ సంచిలోంచి అరకిలో పొట్లం తీసి నా టేబుల్ మీద పెట్టింది. "నా కొడుకు బెంగళూరు నుంచి పంపినాడు మేడం. షుగరుకు ఇది మందంట గదా, మాత్రలు నిలిపేద్దునా?" అని అడిగింది. అందులో ఉన్నది బక్‌వీట్ పిండి. ఉత్తరాదిలో కుట్టు పిండి అంటారు. అనంతపురంలో డైటీషియన్‌గా ఈ మధ్య ఈ ప్రశ్న తరచూ వింటున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

అపోహ: పేరులో వీట్ ఉంది కాబట్టి ఇది ఒక రకం గోధుమ.

కాదు. కొర్రలు, సజ్జల్లాంటి చిరుధాన్యం కూడా కాదు. అవన్నీ గడ్డి జాతి. బక్‌వీట్ మన చుక్కకూర కుటుంబానికి చెందిన మొక్క. మన దేశంలో ఎక్కువగా హిమాలయ ప్రాంతాల్లో పండుతుంది. గింజలో గ్లూటెన్ (గోధుమలో ఉండే ఒక ప్రోటీన్) ఉండదు కాబట్టి గోధుమ పడనివాళ్లు తినొచ్చు. కానీ గోధుమలు ఆడించిన మిషన్‌లోనే దీన్నీ ఆడిస్తే ఆ జాగ్రత్తంతా వృథా.

అపోహ: షుగర్ ఉన్నవాళ్లు ఎంతైనా తినొచ్చు.

నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. 100 గ్రాముల బక్‌వీట్ పిండిలో దాదాపు 70 గ్రాములు కార్బోహైడ్రేట్లే. పీచు 10 గ్రాములు, ప్రోటీన్ 12, 13 గ్రాములు ఉంటాయి, మెగ్నీషియం కూడా బాగా ఉంటుంది. అందుకే తెల్లన్నం తిన్నప్పటికంటే షుగర్ నిదానంగా పెరుగుతుంది. నిదానంగా పెరగడం వేరు, పెరగకపోవడం వేరు. మెత్తటి పిండి కంటే గింజను ఉప్మాలా వండుకుంటే ఇంకా మేలు. నూనెలో వేయించిన పూరీలు తిని "కుట్టు పిండే కదా" అనుకుంటే లాభం లేదు.

పెద్దమ్మకు చెప్పింది ఇది: ఉదయం రెండు చిన్న దోసెలు, పక్కన కొంచెం ఊరిబిండి, గిన్నెడు కూర. తిన్న రెండు గంటలకు షుగర్ చూసుకుని రాసిపెట్టుకోవాలి. మాత్రల జోలికి మాత్రం సొంతంగా పోకూడదు. తగ్గించాలా వద్దా అన్నది ఆ రీడింగులు చూసి డాక్టరే చెప్పాలి.

అపోహ: మన రాగులు, కొర్రల కంటే ఇది గొప్పది.

ప్రోటీన్ నాణ్యతలో బక్‌వీట్‌దే పైచేయి. కాల్షియంలో మాత్రం రాగికి దరిదాపుల్లోకి కూడా రాదు. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా ఉంటే, ఇందులో 50 కూడా లేదు. సంగటి, కొర్రన్నం మానేసి దీన్ని తెప్పించుకోమని నేనెవరికీ చెప్పను. దొరికితే, ఇష్టమైతే వారానికి రెండు మూడుసార్లు చాలు.

అపోహ: పొట్లం సీలు వేసి ఉంది, ఎన్నాళ్లైనా ఉంటుంది.

దయచేసి ఇది నమ్మకండి. ఈ పిండిలో కొవ్వు ఉంటుంది, వేడికి త్వరగా ముక్కిపోతుంది. తేమ తగిలితే బూజు పడుతుంది. 2011 చైత్ర నవరాత్రుల్లో ఢిల్లీలో కుట్టు పిండి వంటకాలు తిని వందల మంది వాంతులతో ఆస్పత్రి పాలయ్యారు. మన ఎండలకు పాత పిండి ఇంకా త్వరగా చెడిపోతుంది. తయారైన తేదీ చూసి పావుకిలో మాత్రమే కొనండి, గాలి చొరని డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. కమురు వాసన వచ్చినా, చేదుగా ఉన్నా పారేయండి.

అపోహ: సహజమైనది కాబట్టి ఎవరికీ పడకపోవడం ఉండదు.

జపాన్‌లో దీనితో చేసే సోబా నూడుల్స్ ఇష్టంగా తింటారు. అలర్జీ కలిగించే పదార్థంగా దీన్ని ప్యాకెట్ మీద తప్పనిసరిగా రాయాలన్న నియమం కూడా అక్కడ ఉంది. అలర్జీ ఉన్నవాళ్లకు దద్దుర్లు, గొంతు వాపు, ఆయాసం రావచ్చు. మొదటిసారి ఒక చిన్న దోసె తిని చూడండి. ఊపిరి ఆడకపోతే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లు వచ్చినవాళ్లు డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టాలి. కొందరు దీని లేత మొలకల ఆకులు రసం తీసుకుని తాగుతున్నారు. ఆ ఆకుల్లో ఉండే ఫాగోపైరిన్ అనే పదార్థం ఎక్కువగా ఒంట్లో చేరితే ఎండ తగిలినప్పుడు చర్మం మండుతుంది. అనంతపురం ఎండలో తిరిగేవాళ్లకు ఆ రసం వద్దు.