ధ్రువాల మంచుపై రాడార్ నిఘా: విశాఖకు ఎందుకు పట్టాలి

2025 జూన్ చివర్లో అమెరికా రక్షణ శాఖ తన వాతావరణ ఉపగ్రహాల మైక్రోవేవ్ సమాచారాన్ని శాస్త్రవేత్తలకు ఇవ్వడం ఆపేస్తామని ప్రకటించింది. ఆ తరువాత గడువు పొడిగించింది కాబట్టి గండం అప్పటికి గడిచింది. ధ్రువ సముద్రాల్లో మంచు ఎంత మేర పరుచుకుందో రోజూ లెక్కగట్టడానికి దశాబ్దాలుగా ఆ సమాచారమే ప్రధాన ఆధారం. 1950ల నుంచి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర విజ్ఞానం చెబుతున్న విశాఖలో ఈ వార్తకు దాదాపు చోటే దొరకలేదు. నాకది బాధ కలిగించింది.

మొదట్లో మంచుకు కాపలా మనిషి కళ్లే. 1912లో టైటానిక్ మునిగి 1,500 మంది దాకా చనిపోయాక, 1914లో అంతర్జాతీయ మంచు గస్తీ ఏర్పడింది. ముందు ఓడలతో, రెండో ప్రపంచ యుద్ధం తరువాత విమానాలతో గాలించారు. ఓడల్లోకి రాడార్ వచ్చినా భయం తీరలేదు. నైరుతి రుతుపవనాల రోజుల్లో విశాఖ రేవుకు వచ్చే ఓడ రాడార్ తెర నిండా అలల మెరుపులే ఉంటాయి, వాటి మధ్య చిన్న తెప్ప ఆనదు. నీటి పైకి మీటరైనా లేవని మంచు ముక్కలతోనూ అదే చిక్కు. అడుగున రెండు పొరల ఉక్కుతో కట్టిన డెన్మార్క్ నౌక హాన్స్ హెడ్‌టాఫ్ట్ 1959 జనవరిలో, తొలి ప్రయాణంలోనే, గ్రీన్‌లాండ్ దగ్గర మంచుకొండను ఢీకొని 95 మందితో సహా మునిగిపోయింది.

నెలల తరబడి చీకటి, ఆపై మబ్బులు. మామూలు కెమెరాకు ధ్రువాల్లో పని లేదు. 1972 డిసెంబరులో ఎగిరిన అమెరికా ఉపగ్రహం నింబస్-5 మైక్రోవేవ్ తరంగాలతో చూసింది. సముద్రపు నీటి కంటే మంచు ఈ తరంగాలను ఎక్కువగా వెలువరిస్తుంది కాబట్టి రెండూ విడిగా తెలుస్తాయి. 1974 నుంచి 1976 దాకా వరుసగా మూడు శీతకాలాలు అంటార్కిటికాలోని వెడెల్ సముద్రపు మంచు మధ్య ఒక పెద్ద నీటి మడుగు తెరుచుకుని ఉందని ఇదే చూపించింది. ఈ పద్ధతిలో చిత్రం మొరటుగా ఉంటుంది. 1978లో సీశాట్ అనే ఉపగ్రహం మోసుకెళ్లిన సింథటిక్ అపర్చర్ రాడార్ మాత్రం తానే తరంగాలు పంపి, తిరిగొచ్చిన వాటితో సుమారు 25 మీటర్ల వివరాన్ని పట్టింది. అది పనిచేసింది 105 రోజులే. 1995లో కెనడా మంచు పరిశీలనే ముఖ్యమైన పనిగా రాడార్‌శాట్ ఉపగ్రహాన్ని పంపింది.

రాడార్ చిత్రంలో నిశ్చలమైన నీరు నల్లగా, వేసవులు దాటి ఉప్పు కారిపోయిన పాత మంచు తెల్లగా కనిపిస్తాయి. గాలికి రేగిన నీరు కూడా తెల్లబడుతుంది, మంచు పైన తడి చేరితే గుర్తులు తారుమారవుతాయి. అందుకే చిత్రాన్ని చదవడానికి అనుభవజ్ఞుడైన మనిషి ఇప్పటికీ కావాలి. 2017 జులైలో, అంటార్కిటికా చలికాలపు చీకట్లో, లార్సెన్-సి అనే తేలే మంచు పలక నుంచి ఏ-68 అనే మంచుకొండ విడిపోవడాన్ని యూరప్ ఉపగ్రహం సెంటినెల్-1 రాడార్ కూడా పట్టుకుంది. ఆ మంచుకొండ వైశాల్యం దాదాపు 5,800 చదరపు కిలోమీటర్లు, పాత ఉమ్మడి విశాఖ జిల్లాలో సగానికి కాస్త ఎక్కువ.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. ఆర్కే బీచ్ కోతకు గురైనప్పుడల్లా ధ్రువాల మంచు కరగడమే కారణమనే మాట వినబడుతుంది. తేలే మంచు కరిగితే సముద్ర మట్టం దాదాపు పెరగదు, నేల మీది మంచు కరిగితేనే పెరుగుతుంది. మన తీరంలో దక్షిణం నుంచి ఉత్తరానికి సాగే ఇసుకకు ఔటర్ హార్బర్ గోడలు అడ్డుపడటం ముఖ్యమైన కారణం. మంచు లెక్క సరిగా ఉంటేనే ఏ నింద ఎవరిదో తేలుతుంది.

భారత్ 2012లో రిశాట్-1 అనే రాడార్ ఉపగ్రహాన్ని పంపింది, ఖరీఫ్ వరిని మబ్బుల కింద నుంచి కూడా చూడటం దాని ప్రధాన పని. అది ఆగిపోయాక అదే సి-బ్యాండ్ రాడార్ తరంగాలతో పనిచేసే వారసుడైన ఈఓఎస్-04 వచ్చింది 2022లో. మధ్యలో ఏళ్ల ఖాళీ. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నాసా, ఇస్రోల ఉమ్మడి రాడార్ ఉపగ్రహం నైసార్ 12 రోజులకోసారి దాదాపు భూమినంతా చుట్టి చూస్తుంది, దాని చూపును అంటార్కిటికాకు అనువుగా ఎడమవైపుకే ఉంచారు. దానికి ఇస్రో వేసుకున్న ఆయుష్షు ఐదేళ్లు. రిశాట్ తరువాత వచ్చిన ఖాళీ మళ్లీ రాకూడదంటే తరువాతి ఉపగ్రహానికి నిధులు ఇప్పుడే కేటాయించాలి.