గ్రంథాలయ సేకరణ, కంప్యూటర్: అపోహలు - వాస్తవాలు

కార్డులూ రిజిస్టర్లూ వదిలి కంప్యూటర్‌కు మారదామని ఏ గ్రంథాలయం అనుకున్నా మొదట వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. తొలితరం యంత్రాల కాలంలోనూ ఇవే వినిపించేవి. సాఫ్ట్‌వేర్ ఎంత మారినా ఇబ్బందులు అక్కడే వస్తున్నాయి. అరలో ఉన్న పుస్తకానికీ, దాని గురించి రాసిపెట్టిన వివరానికీ పొంతన లేకపోతే ఏ యంత్రం తెచ్చినా పని సాగదు.

అపోహ: గ్రంథాలయాల్లో యంత్రాలు పర్సనల్ కంప్యూటర్లతో మొదలయ్యాయి.

అంతకు చాలా ముందే మొదలయ్యాయి. రాల్ఫ్ పార్కర్ 1936లోనే టెక్సస్ యూనివర్సిటీ గ్రంథాలయంలో ఇష్యూ లెక్కలకు పంచ్ కార్డులు (చిల్లులతో సమాచారం నమోదు చేసే కార్డులు) వాడారు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ ఆవ్రమ్ నాయకత్వాన మార్క్ ఫార్మాట్ (పుస్తక వివరాలను కంప్యూటర్ చదవగలిగేలా రాసే పద్ధతి) ప్రయోగం 1966లో మొదలైంది. 1969 నుంచి ఆ రికార్డులు టేపుల మీద ఇతర గ్రంథాలయాలకు వెళ్లాయి. గ్రంథాలయాల సహకార సంస్థ ఓసీఎల్‌సీలో ఆన్‌లైన్ క్యాటలాగింగ్ 1971 ఆగస్టు 26న ఒహాయో యూనివర్సిటీలో ప్రారంభమైంది. ఒకరు చేసిన రికార్డును వందమంది వాడుకునే పద్ధతికి పునాది పడింది అప్పుడే.

అపోహ: కంప్యూటర్ రాగానే కార్డు క్యాటలాగ్ పోయింది.

మొదట్లో కంప్యూటర్ చేసిన పెద్ద పని కార్డులు అచ్చువేయడమే. పాఠకుల ముందు టెర్మినళ్లు లేని రోజులవి. ఒక్క రికార్డు నుంచి రచయిత కార్డు, శీర్షిక కార్డు, విషయ కార్డులు అన్నీ వరుసక్రమంలో అచ్చై వచ్చేవి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన ప్రధాన కార్డు క్యాటలాగ్‌లో కొత్త కార్డులు చేర్చడం 1980 చివర్లో ఆపింది. ఓసీఎల్‌సీ అయితే 2015 దాకా కార్డులు అచ్చువేస్తూనే వచ్చింది.

రెండు క్యాటలాగ్‌లు పక్కపక్కన నడిపే కాలం ప్రమాదకరమైనది. కార్డు తీసేసిన పుస్తకం తెరమీద కనిపిస్తుంది, తెరమీద తీసేసింది కార్డుల్లో మిగులుతుంది. ఒక తేదీ గీత గీసి, ఆ రోజు నుంచి కార్డు వైపు కొత్తవి చేర్చడం ఆపేయాలి. తీసేసిన పుస్తకాలను మాత్రం రెండుచోట్లా కొట్టేయాలి. కన్వర్షన్ (పాత వివరాలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం) పూర్తయి, సరిచూసుకునేదాకా షెల్ఫ్ లిస్ట్ కార్డులు (అరల క్రమంలో ఉండే పుస్తకాల జాబితా) పారేయకండి. ఏ ప్రతి పోయింది, ఏది బైండింగ్‌కు వెళ్లింది అని పెన్సిల్‌తో రాసుకున్న గుర్తులు మరెక్కడా దొరకవు.

అపోహ: ఉన్న జాబితాను చూసి టైప్ చేస్తే కన్వర్షన్ అయిపోయినట్టే.

డబ్బూ సమయమూ ఎక్కువగా వృథా అయ్యేది ఈ నమ్మకం వల్లనే. ముందుగా వీడింగ్ (అక్కర్లేని పుస్తకాల ఏరివేత) చేయండి. రేపు తీసేసే పుస్తకానికి ఈరోజు రికార్డు చేసి, లేబుల్ అంటించడం దండగ. ఆ తర్వాత స్టాక్ వెరిఫికేషన్, అంటే అరల్లో ఏవి ఉన్నాయో సరిచూడటం. అరలో లేని పుస్తకాన్ని క్యాటలాగ్‌లోకి ఎక్కిస్తే పాఠకుడు దానికోసం వచ్చి వట్టి చేతులతో వెళ్తాడు.

మూడోది, దేన్ని చూసి ఎక్కించాలన్నది. చాలామంది యాక్సెషన్ రిజిస్టర్‌ను (వచ్చిన పుస్తకాలను వరుసగా నమోదు చేసే రిజిస్టర్) ముందు పెట్టుకుని కూర్చుంటారు. ఆ రిజిస్టర్‌లో ప్రతి ప్రతికీ ఒక వరుస ఉంటుంది. ఒకే పుస్తకం మూడు ప్రతులుంటే, మూడు వేర్వేరు పుస్తకాలన్నట్టు మూడు రికార్డులు తయారవుతాయి. పాఠకుడు ఒకదాన్ని రిజర్వ్ చేసుకుంటాడు, మిగతా రెండు అరలో ఖాళీగానే ఉంటాయి, సిస్టమ్ మాత్రం పుస్తకం లేదంటుంది. షెల్ఫ్ లిస్ట్ శీర్షికవారీగా, అరల్లో పుస్తకాలున్న క్రమంలోనే ఉంటుంది కాబట్టి దాన్నే ఆధారం చేసుకోవాలి. శీర్షికకు ఒక బిబ్లియోగ్రాఫిక్ రికార్డు, దాని కింద ప్రతికొక ఐటెమ్ రికార్డు. యాక్సెషన్ నంబరు, ధర, బైండింగ్ స్థితి ఐటెమ్‌కు చెందుతాయి. రచయిత, శీర్షిక, ముద్రణ వివరాలు పై రికార్డుకు చెందుతాయి.

బయటి నుంచి రికార్డు తెచ్చుకునేటప్పుడు శీర్షిక, రచయిత, ప్రచురణకర్త, ఎడిషన్, సంవత్సరం, పేజీల సంఖ్య ఆరూ పుస్తకంతో పోల్చాలి. పేజీల సంఖ్య తేడాగా ఉందంటే వేరే ఎడిషన్ అయ్యే అవకాశం ఎక్కువ, ఆగి చూడండి. వెతకగానే కనిపించిన మొదటి రికార్డుకు అతికించేస్తే రెండో ఎడిషన్ పుస్తకం అయిదో ఎడిషన్ రికార్డు కింద చేరుతుంది. చట్టం, వైద్యం పుస్తకాల్లో ఇది చిన్న విషయం కాదు.

మార్క్ రికార్డులో శీర్షిక రాసే 245 ఫీల్డులో మరో చిక్కు ఉంది. శీర్షికను వరుసలో పెట్టేటప్పుడు ముందున్న ఎన్ని అక్షరాలను వదిలేయాలో రెండో ఇండికేటర్ (ఫీల్డు మొదట ఉండే గుర్తు అంకె) చెబుతుంది. ఇంగ్లిషు శీర్షిక ‘ది’ (The)తో మొదలైతే మూడు అక్షరాలు, ఒక ఖాళీ కలిపి 4 వేయాలి. 0 వదిలేస్తే అలాంటి శీర్షికలన్నీ ‘టీ’ కింద గుట్టపడతాయి.

అపోహ: ఐఎస్‌బీఎన్ ఉంటే సరైన రికార్డు దానంతటదే దొరుకుతుంది.

పుస్తకాలకు ఇచ్చే ఈ గుర్తింపు సంఖ్య అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చింది 1970లో. అంతకు ముందటి పుస్తకాల్లో చాలావాటికి అసలు ఉండదు. పాత సంఖ్యనే మరో పుస్తకానికి మళ్లీ వాడిన ప్రచురణకర్తలూ ఉన్నారు. పలు సంపుటాల పుస్తకాల్లో సెట్టు మొత్తానికి ఒకటి, ప్రతి సంపుటానికీ ఒకటి ఉండొచ్చు.

పాత 10 అంకెల సంఖ్యలో చివరి అంకె 11తో భాగహారం మీద ఆధారపడేది. పక్కపక్క అంకెలు తారుమారైతే తప్పకుండా పట్టుకునేది. 2007 జనవరి 1 నుంచి వచ్చిన 13 అంకెల సంఖ్యకు ఆ బలం లేదు. పక్కనున్న రెండు అంకెల తేడా 5 అయితే, ఉదాహరణకు 27ను 72గా కొడితే, తప్పు బయటపడదు. అందుకే చేత్తో కొట్టకుండా స్కాన్ చేయండి, తెరమీద వచ్చిన శీర్షికను చదివి చూడండి.

అపోహ: బార్‌కోడ్ నంబరులోనే క్లాస్ నంబరు ఉంటే సౌకర్యం.

విషయాన్ని బట్టి ఇచ్చే క్లాస్ నంబరు మారుతుంది, పుస్తకం రిఫరెన్స్ విభాగానికి వెళ్తుంది, బార్‌కోడ్ మాత్రం మారకూడదు. కాబట్టి ఆ నంబరుకు ఏ అర్థమూ ఉండనక్కర్లేదు. కోడాబార్ అనే బార్‌కోడ్ రకంలో వాడుకలో ఉన్న 14 అంకెల అమరికలో మొదటి అంకె 2 అయితే పాఠకుడి కార్డు, 3 అయితే పుస్తకం. తర్వాతి నాలుగు గ్రంథాలయానివి, ఆపై ఎనిమిది వరుస సంఖ్య, చివరిది చెక్ అంకె. పాఠకుడి కార్డును పుస్తకం గడిలో స్కాన్ చేసినా సిస్టమ్ వెంటనే పసిగట్టేది ఆ మొదటి అంకెతోనే.

లేబుల్‌కు రెండువైపులా సన్నటి గీత వెడల్పుకు పదింతల ఖాళీ ఉండాలి. వెన్ను మడత మీద అంటిస్తే త్వరలోనే పగిలిపోతుంది. మెరిసే టేపు వేస్తే స్కానర్ తడబడుతుంది.

అపోహ: ఇష్యూ లెక్క సున్నా ఉంటే ఆ పుస్తకం తీసేయొచ్చు.

ఇష్యూ లెక్క విలువైనదే. పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో 1969లో కొన్న పుస్తకాల్లో దాదాపు 40 శాతం ఆరేళ్లపాటు ఒక్కసారి కూడా ఇష్యూ కాలేదని అలెన్ కెంట్ బృందం 1979లో చూపించింది. గ్రంథాలయాల ప్రపంచంలో పెద్ద చర్చే నడిచింది. అక్కడి గ్రంథపాలకులు, అధ్యాపకులు గట్టిగా అభ్యంతరం చెప్పారు కూడా.

మీ సిస్టమ్‌లోని సున్నాను నమ్మే ముందు అది ఎప్పటి నుంచి లెక్క అన్నది చూడండి. సిస్టమ్ పెట్టి రెండేళ్లే అయితే అది రెండేళ్ల సున్నా, అంతే. దానికి ముందు యాభైసార్లు ఇష్యూ అయి ఉండొచ్చు, ఆ గుర్తులు పుస్తకంలో అంటించిన డేట్ స్లిప్ మీదే ఉంటాయి. ఇంకో సిస్టమ్‌కు మారినప్పుడు పాత లెక్కలు తెచ్చుకోకపోతే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. గ్రంథాలయంలోనే కూర్చుని చదివిన పుస్తకం ఇష్యూలో కనబడదు. బల్లల మీద వదిలేసిన పుస్తకాలను అరలో పెట్టే ముందు స్కాన్ చేసి, ‘లోపలి వాడకం’గా నమోదు చేయడం అలవాటు చేసుకుంటే ఈ లోటు చాలావరకు తీరుతుంది.

టెక్సస్‌లో 1976లో రూపొందిన క్రూ అనే వీడింగ్ పద్ధతి మా దృష్టిలో ఇప్పటికీ పనికొస్తుంది. ప్రచురణ అయి ఎన్నేళ్లు, చివరి ఇష్యూ అయి ఎన్నేళ్లు, పుస్తకం పరిస్థితి ఏమిటి అన్న మూడింటినీ కలిపి చూస్తుంది. కంప్యూటర్ పుస్తకాలకు 3/ఎక్స్ అని రాస్తారు. అంటే మూడేళ్లు దాటితే చాలు, ఇష్యూ అయిందా లేదా అన్నది చూడక్కర్లేదని. సాహిత్యానికి దీనికి తలకిందులుగా, ప్రచురణ సంవత్సరంతో పనిలేదు. జాబితాను యంత్రం ఇస్తుంది, పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని చూశాకే నిర్ణయం. పలు గ్రంథాలయాల ఉమ్మడి క్యాటలాగ్‌లో మరెక్కడా లేని పుస్తకమైతే లెక్క ఎంతున్నా ఆగండి.

అపోహ: అంతా కంప్యూటర్‌లో ఉంది కనుక స్టాక్ వెరిఫికేషన్ అక్కర్లేదు.

కంప్యూటర్‌కు తెలిసింది ఇష్యూ, రిటర్న్ మాత్రమే. తప్పు అరలో పెట్టిన పుస్తకం దానికి తెలియదు. ఒక్కో బే (అరల వరుస) స్కాన్ చేసి, అరలో లేనివి, ఇష్యూలో ఉన్నట్టు చూపిస్తూ అరలో దొరికినవి, వరుస తప్పినవి అని మూడు జాబితాలు తీయండి. మొదటి జాబితాలోని వాటిని వెంటనే తీసేయకండి. వాటిలో కొన్ని పక్క అరలోనే దొరుకుతాయి.

అపోహ: ఒకసారి ఎక్కించిన డేటా ఎప్పటికీ భద్రం.

న్యూజిలాండ్‌లోని హోరోఫెనువా లైబ్రరీ ట్రస్టు పాత సిస్టమ్ 2000 సంవత్సరాన్ని తట్టుకోదని తేలడంతో కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ పుట్టింది, 2000 జనవరిలో వాడకంలోకి వచ్చింది. ఏ సిస్టమ్‌కైనా ఏదో ఒకరోజు అలాంటి పరిస్థితి వస్తుంది. డేటాను బయటికి తీసుకెళ్లగలిగే రూపం ఐఎస్‌ఓ 2709 (మార్క్ రికార్డుల మార్పిడికి వాడే ప్రమాణం) ఫైలు.

ఆ ఫైలును టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి అక్షరం దిద్దడం పెద్ద తప్పు. రికార్డు మొదట 24 స్థానాల లీడర్ (రికార్డు గురించిన వివరాలు), తర్వాత ఒక్కో ఫీల్డుకు 12 స్థానాల డైరెక్టరీ ఎంట్రీ (ఆ ఫీల్డు ఎక్కడుందో చెప్పే సూచిక) ఉంటాయి: మూడు ట్యాగ్‌కు (ఫీల్డు సంఖ్య), నాలుగు పొడవుకు, అయిదు ఫీల్డు మొదలయ్యే చోటుకు. పొడవు బైట్లలో లెక్క. యూటీఎఫ్-8లో ‘తెలుగు’ అన్న మాట 18 బైట్లు. గుణింతం ఒక్కటి చేర్చినా మూడు బైట్లు పెరుగుతాయి, డైరెక్టరీలో మాత్రం పాత లెక్కే ఉంటుంది. ఆ తర్వాతి ఫీల్డులన్నీ జరిగిపోయి రచయిత పేరు మధ్యలో తెగుతుంది. లీడర్ 09 స్థానంలో ‘ఎ’ లేకపోతే, యూనికోడ్ ఫైలును కూడా మార్క్-8 అనే పాత అక్షర సంకేతం అనుకుని చదివి అక్షరాలు చెడగొట్టే సిస్టమ్‌లూ ఉన్నాయి.

ఏడాదికొకసారి ఐటెమ్ వివరాలతో సహా మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి, వేరే కంప్యూటర్‌లో ఖాళీ సిస్టమ్‌లోకి ఎక్కించి చూడండి. రికార్డుల సంఖ్య, ఐటెమ్‌ల సంఖ్య విడివిడిగా సరిపోల్చండి. తెలుగు శీర్షికలు, ఒత్తులు, విదేశీ పేర్ల మీద గుర్తులు ఉన్నవి కొన్ని తెరిచి చదవండి.