వెండి పూత సామాను: బేరాల్లో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

నేను పాత వెండి పూత సామాను సేకరిస్తానని తెలిసినవాళ్ళు ఫోన్ చేసి అడిగే ప్రశ్న ఒకటే: "మా తాతగారి టీ సెట్టు ఉంది, అడుగున ముద్రలు కూడా ఉన్నాయి, తులం ఎంతకు తీసుకుంటారు?" తులాల లెక్క ఈ సామానుకు కుదరదు. ఎందుకు కుదరదో చెప్పాలంటే ముందు ఆ ముద్రల సంగతి తేల్చాలి.

అపోహ: అడుగున వరసగా ముద్రలుంటే అది అసలు వెండే.

ఇంగ్లండులో తయారైన అసలు వెండి మీద నడుస్తున్న సింహం ముద్ర ఉంటుంది. వెయ్యికి 925 పాళ్ళు వెండి ఉందనడానికి అది గుర్తు. పక్కనే పరీక్ష జరిగిన ఊరి ముద్ర (బర్మింగ్‌హామ్‌కు లంగరు, 1974 వరకు షెఫీల్డ్‌కు కిరీటం), సంవత్సరాన్ని తెలిపే అక్షరం, తయారీదారు పొడి అక్షరాలు ఉంటాయి. పూత సామాను చేసేవాళ్ళు ఈ వరస అందాన్నే అనుకరించారు. చెంచా తిరగేసి కాడ వెనక భూతద్దం పెట్టి చూడండి. నాలుగు చిన్న డాళ్ళు, ఒక్కో డాలులో మెలికలు తిరిగిన ఒక్కో అక్షరం: ఇ, పి, ఎన్, ఎస్. విద్యుత్తుతో పూత వేసిన నికెల్ సిల్వర్ అని అర్థం. ఆ నికెల్ సిల్వర్‌లో ఉండేది రాగి, నికెల్, జింకు. వెండి రవ్వంత కూడా ఉండదు. పెళ్ళిళ్ళలో రిటర్న్ గిఫ్టులుగా ఇచ్చుకునే జర్మన్ సిల్వర్ అనేది కూడా పేరుకు ఈ మిశ్రమమే. 'ఎ1' అన్న ముద్ర కనిపిస్తే అది కంపెనీ తన పూతకు తానే ఇచ్చుకున్న గ్రేడు, వెండి స్వచ్ఛత కాదు.

అపోహ: ఫోర్కు మీద '90' అని ఉంటే 90 శాతం వెండి.

అమ్మేవాళ్ళు చాలా ధీమాగా చెప్పే అబద్ధం ఇది. కొందరు తెలియక చెబుతారు, కొందరు తెలిసే చెబుతారు. జర్మన్ కంపెనీల సామాను మీద ఈ అంకె ఎక్కువగా కనిపిస్తుంది. డజను భోజనపు చెంచాలు, డజను ఫోర్కులు, మొత్తం 24 వస్తువుల మీద కలిపి 90 గ్రాముల వెండి పూత వేశారని దాని భావం. అంటే ఒక్కోదాని మీద నాలుగు గ్రాములు కూడా లేదు. అది కూడా కొత్తగా ఉన్నప్పటి మాట; దశాబ్దాల తోముడు తర్వాత మిగిలింది ఇంకా తక్కువ. కరిగించి వెండి తీద్దామనుకునేవాళ్ళు ఇక్కడే ఆగవచ్చు. జర్మనీ అసలు వెండి మీద సాధారణంగా 800, 835, 925 వంటి మూడంకెల ముద్ర ఉంటుంది.

అపోహ: అయస్కాంతానికి అంటుకోకపోతే వెండి.

రాగీ అంటుకోదు, ఇత్తడీ అంటుకోదు, నికెల్ సిల్వరూ అంటుకోదు. గీటురాయి మీద తేలికగా గీస్తే పడేది పైపూత గీతే. అంతకన్నా అరుగుదల చూడడం మేలు: చెంచా గుంట అడుగున, ఫోర్కు పళ్ళ కొసల్లో, టీ పాత్ మూత అంచున. అక్కడ పసుపు ఛాయ తొంగిచూస్తే లోపల నికెల్ సిల్వర్, ఎరుపు కనిపిస్తే రాగి.

అపోహ: 'షెఫీల్డ్ ప్లేట్' అని రాసి ఉంటే పాత షెఫీల్డే.

దాదాపు ఎప్పుడూ దీనికి తలకిందులే నిజం. 1743 ప్రాంతంలో షెఫీల్డ్ కత్తుల పనివాడు థామస్ బోల్సోవర్ రాగి దిమ్మకు వెండి రేకు అతికించి, రెండింటినీ కలిపి సాగదీయవచ్చని కనుక్కున్నాడు. అలా సాగదీసిన రేకుతో చేసిందే అసలు పాత షెఫీల్డ్. రేకును కోస్తే అంచున రాగి బయటపడుతుంది కదా, దాన్ని దాచడానికి అంచు వెంట వెండి తీగ అతికేవారు. మీ వేలిగోరు అంచు కిందుగా పోనివ్వండి, ఆ తీగ ఒరుసు తగులుతుంది. గుండ్రటి పాత్రల్లో నిలువు అతుకు కూడా ఉంటుంది; నోటి ఆవిరి ఊది చూస్తే సన్నటి గీతలా తేలుతుంది. 1840లో బర్మింగ్‌హామ్ తయారీదారులు ఎల్కింగ్టన్‌లు విద్యుత్తు పూతకు పేటెంటు తీసుకున్నారు. ఆ తర్వాత కొన్నేళ్ళకే పాత పద్ధతి మూలపడింది. పాత్ర అడుగున 'షెఫీల్డ్ ప్లేట్' అన్న పేరు పూర్తిగా అచ్చొత్తి ఉంటే, అది ఆ పేరును వాడుకున్న తర్వాతి కాలపు సరుకని అనుమానించండి.

అపోహ: '1847 రోజర్స్ బ్రదర్స్' అంటే 1847లో చేసింది.

అది బ్రాండు పేరులో భాగం. అమెరికాలో కనెక్టికట్‌కు చెందిన రోజర్స్ సోదరులు పూత పని మొదలుపెట్టిన ఏడాది అది. వయసు చెప్పేది డిజైను: ద్రాక్షగుత్తుల 'వింటేజ్' 1904లో వచ్చింది, 'ఫస్ట్ లవ్' 1937లో. అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన సెట్లలో ఈ పేరు తరచూ కనిపిస్తుంది.

అపోహ: విభూతితో, టూత్‌పేస్టుతో తోమితే చాలు.

అసలు వెండి గ్లాసు ఆ రాపిడికి కొన్నేళ్ళు ఓర్చుకుంటుంది, పూతకు ఆ ఓపిక లేదు. నల్లదనం అంటే గాలిలోని గంధకంతో వెండి కలిసి ఏర్పడిన సల్ఫైడ్. దాన్ని రుద్ది తీస్తే దానితోపాటు వెండీ పోతుంది. అల్యూమినియం రేకు, వంటసోడా, వేడినీళ్ళ పద్ధతి సల్ఫైడ్‌ను తిరిగి వెండిగా మారుస్తుంది కాబట్టి నష్టం తక్కువ. అయితే బోలు పిడి కత్తులను అందులో ముంచకండి, పిడి లోపలి జిగురు వేడికి వదులవుతుంది. చెక్కడాల సందుల్లో కావాలని ఉంచిన నలుపు కూడా అందులో పోతుంది. నిల్వకు ఉతికిన నూలు గుడ్డ చాలు. కట్ట విడిపోకుండా రబ్బరు బ్యాండు వేస్తారు చూడండి, అంతకన్నా చెడ్డ పని లేదు: రబ్బరులోని గంధకం తగిలినచోట నల్లటి పట్టీ పడుతుంది. ఉప్పు గిన్నెలకు లోపల బంగారు పూతో, నీలం గాజు గిన్నో ఎందుకుంటుందని అడుగుతుంటారు. ఉప్పు వెండిని తింటుంది, అందుకు.

అపోహ: మళ్ళీ పూత వేయిస్తే విలువ పెరుగుతుంది.

మామూలు ఫోర్కులు, చెంచాలు రోజూ వాడుకోవాలనుకుంటే వేయించుకోండి, తప్పులేదు. రాగి కనబడేలా అరిగిన చెంచాతో చింతపండు పులుసు తినడం కన్నా అదే మంచిది. పాత షెఫీల్డ్‌కు మాత్రం వద్దు. అక్కడక్కడ రాగి తొంగిచూడడం కొనేవాళ్ళు కోరుకునే లక్షణం, కొత్త పూత కప్పితే ధర పడిపోతుంది. 'ఇ.పి.బి.ఎం.' ముద్ర ఉన్న టీ పాత్‌ల విషయంలో ఇంకా జాగ్రత్త. లోపలిది బ్రిటానియా మెటల్, ఎక్కువ భాగం తగరమే. ముక్కు ఊడిందని మామూలు మాటు వేసే మనిషికి ఇస్తే మంట తగలగానే ముక్కే కరిగి కారుతుంది. దాన్ని చేయగలవాడు దొరికేదాకా అలాగే బీరువాలో ఉంచండి.