అప్రెంటిస్ స్టైపెండ్‌లో సర్కారు డబ్బు: అపోహలు - వాస్తవాలు

ఐటీఐ పాసైన అబ్బాయి "కంపెనీ ఇచ్చేది కాక గవర్నమెంటు ఇంకో పదిహేను వందలు ఇస్తుందట" అంటాడు. చిన్న వర్క్‌షాపు ఓనరేమో "కుర్రాణ్ణి పెట్టుకుంటే జీతం సర్కారే చూసుకుంటుందట" అంటాడు. పని నేర్చుకునే అప్రెంటిస్‌కు నెలనెలా ఇచ్చే స్టైపెండ్‌లో సర్కారు కొంత వాటా భరించే ఒకే పథకం గురించి ఇద్దరూ మాట్లాడుతున్నారు, ఇద్దరూ సగమే విన్నారు. మిగతా సగం తెలిసేది ఆర్నెల్లు గడిచి, ఖాతాలో ఏమీ పడలేదని పోర్టల్ తెరిచినప్పుడు.

ముందు పేర్లు తేల్చుకుందాం. న్యాప్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం) నైపుణ్యాభివృద్ధి మంత్రిత్వ శాఖది, 2016 ఆగస్టులో మొదలైంది. ఐటీఐ వాళ్లు, పది, ఇంటర్ చదివినవాళ్లు ఎక్కువగా దీని కిందికి వస్తారు. న్యాట్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) విద్యాశాఖది, డిప్లొమా, డిగ్రీ, బీటెక్ పూర్తిచేసినవాళ్లకు. రెండింటికీ పునాది 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టమే అయినా పోర్టల్ వేరు, లెక్క వేరు, వెళ్లి అడగాల్సిన ఆఫీసు కూడా వేరు. న్యాట్స్ సంగతి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు చెన్నైలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ శిక్షణ బోర్డు చూస్తుంది. ఇక ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం కార్పొరేట్ వ్యవహారాల శాఖది, దానికి ఈ చట్టంతో సంబంధం లేదు.

అపోహ: ప్రభుత్వమిచ్చే 1,500 స్టైపెండ్‌కు అదనం.

కాదు. స్టైపెండ్‌లో అది ఒక భాగం. న్యాప్స్ కింద ప్రభుత్వం భరించేది స్టైపెండ్‌లో 25 శాతం, అదీ నెలకు 1,500 రూపాయలు మించకుండా. మిగతాదంతా కంపెనీదే.

2019లో సవరించిన నిబంధనల ప్రకారం నెలకు కనీస స్టైపెండ్ ఇలా ఉంటుంది: ఐదు నుంచి తొమ్మిదో తరగతి దాకా చదివినవారికి 5,000, పది పాసైతే 6,000, ఇంటర్ లేదా ఐటీఐ అయితే 7,000, డిప్లొమాకు 8,000, డిగ్రీకి 9,000. రెండో ఏడాది శిక్షణ ఉంటే ఈ కనీస మొత్తం 10 శాతం పెరుగుతుంది. 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి వీటిని 36 శాతం పెంచాలని సిఫార్సు చేసింది. అందుకే ఎవరో పంపిన పాత పట్టిక పట్టుకుని బేరమాడకండి, కాంట్రాక్టు తయారుచేసే రోజున పోర్టల్ చూపించే కనీస మొత్తమే లెక్క.

పై అంకెలతో ఐటీఐ ఫిట్టర్‌ను ఒక ఏడాదికి తీసుకున్నారనుకోండి. 7,000లో 25 శాతమంటే 1,750, కానీ పరిమితి దగ్గర ఆగి 1,500 అవుతుంది. కంపెనీ వాటా నెలకు 5,500, ఏడాదికి 66,000. సర్కారుది 18,000. అదే తొమ్మిదో తరగతి చదివిన కుర్రాడైతే 5,000లో ప్రభుత్వ వాటా 1,250 మాత్రమే. కంపెనీ తనంతట తాను 10,000 ఇస్తానన్నా సర్కారు వాటా 1,500 దాటదు.

న్యాట్స్ లెక్క ఇంతకంటే ఉదారం. కనీస స్టైపెండ్‌లో సగం ప్రభుత్వానిది, అంటే డిగ్రీ అప్రెంటిస్‌కు 9,000లో 4,500, డిప్లొమాకు 8,000లో 4,000. ఈ సగాన్ని విని న్యాప్స్‌లో కూడా సగమొస్తుందని బడ్జెట్ వేసుకునే యజమానులున్నారు. మూడో నెలకు తేడా తెలుస్తుంది.

అపోహ: ప్రభుత్వ వాటా కంపెనీకి వస్తుంది, కంపెనీ దయదలిస్తే మనకిస్తుంది.

ఇది ఒకప్పటి పద్ధతి నుంచి మిగిలిన మాట. అప్పట్లో కంపెనీ స్టైపెండ్ మొత్తం చెల్లించి, ఆ తర్వాత ప్రభుత్వ వాటా కోసం క్లెయిమ్ పెట్టుకునేది. న్యాప్స్‌లో 2023 నుంచి ఆ వాటా నేరుగా అప్రెంటిస్ ఖాతాలోకే వెళ్తోంది. న్యాట్స్ కూడా 2024 జులైలో వచ్చిన కొత్త పోర్టల్‌తో అదే దారి పట్టింది.

అయితే ఆ డబ్బు కదలాలంటే ముందు కంపెనీ కదలాలి. తన వాటా అప్రెంటిస్ బ్యాంకు ఖాతాలో వేసి, ఆ నెల చెల్లింపు వివరాలు పోర్టల్‌లో ఎక్కించాలి. అక్కడినుంచే ప్రభుత్వ వాటా ప్రయాణం మొదలవుతుంది. నగదు కవరులో పెట్టి ఇచ్చే వర్క్‌షాపుల్లో ఇక్కడే చిక్కు పడుతుంది. డబ్బు ఇచ్చారు, కుర్రాడు పుచ్చుకున్నాడు, కానీ పోర్టల్ దృష్టిలో ఆ నెల చెల్లింపే జరగలేదు. స్టైపెండ్ తర్వాతి నెల పదో తారీఖులోగా ఇవ్వాలన్నది నిబంధన. కాబట్టి పదో తారీఖు దాటాక మీరు మొదట అడగాల్సింది "గవర్నమెంటు డబ్బు ఎప్పుడొస్తుంది" అని కాదు, "నా నెల చెల్లింపు పోర్టల్‌లో ఎక్కిందా" అని.

అపోహ: బ్యాంకులో ఆధార్ ఇచ్చాను, ఇక డబ్బు అదే పడుతుంది.

ప్రభుత్వ వాటా ఆగిపోయే చోట్లలో మొదట చూడాల్సింది ఇదే.

ఖాతా తెరిచేటప్పుడు ఆధార్ జిరాక్సు ఇవ్వడం ఒకటి, ఆ ఖాతాను డీబీటీ (సర్కారు డబ్బు నేరుగా ఖాతాలో వేసే పద్ధతి) కోసం ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) దగ్గర ఆధార్‌కు అనుసంధానించడం ఇంకొకటి. మొదటిది మీరెవరో బ్యాంకుకు తెలియడానికి. రెండోది, ఈ ఆధార్ నంబరుకు వచ్చే సర్కారు డబ్బు ఏ బ్యాంకుకు పోవాలో చెప్పడానికి. ఆధార్ ఆధారంగా జరిగే బదిలీలో ఖాతా నంబరు పని చేయదు. ఒక ఆధార్‌కు ఒక్క బ్యాంకే నమోదై ఉంటుంది, అదీ చివరగా అనుసంధానించింది.

జరిగేదేమిటంటే: కంపెనీకి మీరు ఒక బ్యాంకు పాస్‌బుక్ ఇస్తారు. రెండేళ్ల కిందట సిమ్ తీసుకునేటప్పుడో, ఇంకో పథకం కోసమో వేలిముద్ర వేసి తెరిచిన పేమెంట్స్ బ్యాంకు ఖాతా ఒకటి ఉంటుంది, దాని సంగతే మీకు గుర్తుండదు. ఆధార్ చివరగా ముడిపడింది దానికే. కంపెనీ వాటా పాస్‌బుక్ ఖాతాలో పడుతుంది, సర్కారు వాటా ఆ మరిచిపోయిన ఖాతాలో పడుతుంది. మీరేమో రాలేదంటారు, పోర్టల్ పంపించానంటుంది. ఇద్దరిదీ నిజమే.

చూసుకోవడం కష్టం కాదు. మైఆధార్ వెబ్‌సైట్‌లో ఓటీపీతో లాగిన్ అయి బ్యాంక్ సీడింగ్ స్థితి చూస్తే ఏ బ్యాంకుకు ముడిపడి ఉందో, అది యాక్టివ్‌గా ఉందో లేదో తెలుస్తుంది. ఓటీపీ రావాలంటే ఆధార్‌లో ఇప్పుడు వాడుతున్న మొబైల్ నంబరే ఉండాలి. బ్యాంకు మార్చాలంటే కావాల్సిన బ్రాంచికి వెళ్లి "డీబీటీ కోసం ఆధార్ సీడింగ్" అని అదే మాటతో అడగండి. ఉత్త "ఆధార్ లింక్" అంటే కేవైసీ చేసి పంపేస్తారు. ఈ పని చేరే ముందే అయిపోవాలి, చేరాక కాదు.

అపోహ: పనిలో చేరిన రోజు నుంచే నేను అప్రెంటిస్‌ని.

గేటు పాసు, యూనిఫాం, హాజరు పట్టీలో పేరు, ఇవేవీ మిమ్మల్ని అప్రెంటిస్‌ను చేయవు. చట్టం దృష్టిలో అప్రెంటిస్ అంటే రిజిస్టరైన కాంట్రాక్టు ఉన్నవాడు. సర్కారు డబ్బు ఆ కాంట్రాక్టు నంబరు వెంట నడుస్తుంది. నంబరు లేకపోతే మీరెంత పని చేసినా, ఎంత నేర్చుకున్నా, పథకానికి మీరు లేనట్టే.

చట్టంలో గడువులు స్పష్టంగానే ఉన్నాయి. కాంట్రాక్టు వివరాలను యజమాని ఏడు రోజుల్లోగా పోర్టల్‌లో నమోదు చేయాలి. అభ్యంతరం ఏదైనా ఉంటే అప్రెంటిస్‌షిప్ అడ్వయిజర్ (ఈ చట్టం అమలు చూసే ప్రభుత్వ అధికారి) పదిహేను రోజుల్లోగా చెప్పాలి, ముప్పై రోజుల్లోగా రిజిస్టర్ చేయాలి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల తరఫున కాంట్రాక్టు రాసుకోవాల్సింది తల్లిదండ్రి లేదా సంరక్షకుడు.

ఆచరణలో వరస ఇలా ఉంటుంది. కంపెనీ పోర్టల్‌లో తన మొత్తం సిబ్బంది సంఖ్యతో నమోదవుతుంది, ఏ ట్రేడులో ఎన్ని సీట్లో ప్రకటిస్తుంది. అభ్యర్థి ఆధార్‌తో నమోదై, చదువు వివరాలు పెట్టి దరఖాస్తు చేస్తాడు. ఎంపికయ్యాక కంపెనీ కాంట్రాక్టు తయారుచేస్తుంది, అభ్యర్థి తన లాగిన్‌లో దాన్ని అంగీకరించాలి. ఈ చివరి మెట్టు దగ్గర బోలెడు కాంట్రాక్టులు నెలల తరబడి పడి ఉంటాయి. నమోదు చేసింది నెట్ సెంటర్ అతను, ఇచ్చింది అతని ఈమెయిలు, పాస్‌వర్డూ అతని దగ్గరే. కుర్రాడికి తన పేరున ఒక లాగిన్ ఉందని కూడా తెలియదు. మీ ఈమెయిలు, మీ ఫోను నంబరు ఇచ్చి నమోదు చేయించుకోండి.

అంగీకరించే ముందు కాంట్రాక్టులో చూడాల్సినవి: పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా (ఇంటిపేరు ముందా వెనకా, పొడి అక్షరమా పూర్తి పేరా, అన్నీ), ట్రేడు మీరు చదివిందేనా, మొదలయ్యే తేదీ నిజంగా మీరు చేరేదేనా, నెల స్టైపెండ్ ఎంత రాశారు, శిక్షణ జరిగే చోటు ఏది. తేదీ దగ్గర మెతకపడకండి. "ముందు చేరు, పోర్టల్ సంగతి తర్వాత చూద్దాం" అన్న మాటకు తలూపితే ఆ మధ్య నెలలు శిక్షణలోకీ రావు, స్టైపెండ్ వాటాలోకీ రావు.

అపోహ: ఇది పెద్ద ఫ్యాక్టరీల వ్యవహారం.

నలుగురు పనివాళ్లున్న లేత్ షాపు కూడా అప్రెంటిస్‌ను తీసుకోవచ్చు. నాలుగు నుంచి ఇరవై తొమ్మిది మంది ఉన్నచోట అది యజమాని ఇష్టం, ముప్పై, ఆపైన ఉంటే తప్పనిసరి. ఎంతమంది అంటే మొత్తం సిబ్బందిలో 2.5 శాతానికి తగ్గకుండా, 15 శాతానికి మించకుండా. ఈ మొత్తంలో కాంట్రాక్టు కార్మికులు కూడా లెక్కే, చాలామంది మరిచేది ఇదే. రోల్స్ మీద 80 మంది, కాంట్రాక్టర్ ద్వారా 120 మంది ఉంటే లెక్క 200 మీద వేయాలి: కనీసం 5, గరిష్ఠంగా 30. ట్రేడు వారీగా ఇంతమంది పనివాళ్లకు ఒక అప్రెంటిస్ అన్న పాత నిష్పత్తులు ఇప్పుడు పనికిరావు.

అపోహ: అప్రెంటిస్‌కు ఏ చట్టమూ వర్తించదు, ఎంతసేపైనా పని చేయించుకోవచ్చు.

అప్రెంటిస్ కార్మికుడు కాదు, శిక్షణలో ఉన్న వ్యక్తి. అందుకే పీఎఫ్, ఈఎస్ఐ కోతలుండవు. ఇంతవరకే నిజం. ఆరోగ్యం, భద్రత, సంక్షేమం విషయంలో పక్కన మిషను మీదున్న కార్మికుడికి ఏది వర్తిస్తుందో అప్రెంటిస్‌కూ అదే. శిక్షణలో గాయపడితే పరిహారం బాధ్యత యజమానిదే. ఓవర్‌టైమ్ చేయించాలంటే అప్రెంటిస్‌షిప్ అడ్వయిజర్ అనుమతి ఉండాలి. సంస్థలో అమల్లో ఉన్న సెలవులు అప్రెంటిస్‌కూ వస్తాయి. కనీస వయసు పద్నాలుగు, ప్రమాదకర పరిశ్రమల్లో పద్దెనిమిది.

ఈఎస్ఐ లేదు కాబట్టి ప్రెస్ షాపు, ఫౌండ్రీ, వెల్డింగ్ లాంటి చోట్ల అప్రెంటిస్‌లకు విడిగా ప్రమాద బీమా తీసుకోవడం యజమానికే మంచిది. వేలు తెగాక కట్టాల్సిన పరిహారం ముందు ప్రీమియం ఎంతో కాదు.

అపోహ: ముందు అప్రెంటిస్‌షిప్ చేసి, ఆ తర్వాత పీఎం ఇంటర్న్‌షిప్ కూడా చేయొచ్చు.

2024 అక్టోబరులో మొదలైన పైలట్ నిబంధనల్లో ఆ దారి మూసేశారు. న్యాప్స్ లేదా న్యాట్స్ కింద ఎప్పుడైనా శిక్షణ పూర్తిచేసినవారు అనర్హులు. ఆ పైలట్‌లో వయసు 21 నుంచి 24, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు, పూర్తికాల చదువూ ఉద్యోగమూ ఉండకూడదు. పన్నెండు నెలలపాటు నెలకు 5,000: అందులో 4,500 ప్రభుత్వానిది, 500 కంపెనీ సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధుల నుంచి. చేరేటప్పుడు ఒకసారి 6,000.

రెండింట్లో ఏది అంటే, చేతిలో ట్రేడు ఉన్నవాళ్లకు మా ఓటు అప్రెంటిస్‌షిప్‌కే. స్టైపెండ్ ఎక్కువ, పరీక్ష ఉంది, చివర్లో ఆ ట్రేడులో చెల్లే సర్టిఫికెట్ ఉంది. బీకాం చదివి ఆఫీసు పని ఎలా ఉంటుందో చూడాలనుకునేవాళ్ల సంగతి వేరు.

అపోహ: సీటు ఇప్పించడానికి ఫీజు కట్టాలి.

పోర్టల్‌లో నమోదు ఉచితం. మధ్యవర్తి సంస్థ సేవకు డబ్బు ఎవరైనా ఇవ్వాలంటే అది కంపెనీ ఇచ్చుకోవాలి, అభ్యర్థి కాదు.

అపోహ: ఏడాది అయ్యాక పర్మినెంట్ చేసి తీరాలి.

చట్టం అలా అనలేదు. అప్రెంటిస్‌లను ఉద్యోగంలోకి తీసుకోవడంపై ప్రతి సంస్థా తన విధానం తాను రాసుకోవాలని మాత్రమే అంది. చేరే ముందే ఆ విధానం ఏమిటో, కిందటి బ్యాచ్‌లో ఎంతమందిని ఉంచుకున్నారో అడగండి. అయితే యజమాని తప్పు వల్ల కాంట్రాక్టు మధ్యలో రద్దయితే మాత్రం చివరగా తీసుకున్న స్టైపెండ్ లెక్కన మూడు నెలల పరిహారం అప్రెంటిస్‌కు రావాలి.

అపోహ: కంపెనీ లెటర్‌హెడ్ మీద ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇచ్చారు, అది చాలు.

ఫిట్టర్, టర్నర్, ఎలక్ట్రీషియన్ లాంటి నిర్దేశిత ట్రేడుల్లో శిక్షణ ముగిశాక అఖిల భారత స్థాయి ట్రేడ్ పరీక్ష ఉంటుంది. అది పాసైతేనే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్. ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్ కావడానికి చేసే శిక్షణలో చేరాలన్నా ఆ సర్టిఫికెట్‌కు విలువుంది, లెటర్‌హెడ్‌కు లేదు. న్యాట్స్‌లో ఇచ్చే ప్రావీణ్య పత్రం వేరు, దాన్ని శిక్షణ బోర్డు ఇస్తుంది.

శిక్షణ ముగిసిందని కంపెనీ పోర్టల్‌లో నమోదు చేయనిదే పరీక్ష జాబితాలోకి పేరు ఎక్కదు. హెచ్‌ఆర్‌లో మనిషి మారడం, పాత లాగిన్ పనిచేయకపోవడం లాంటి చిన్న కారణాలకే ఒక బ్యాచ్ మొత్తం ఒక విడత పరీక్ష పోగొట్టుకోగలదు. కాంట్రాక్టు ముగిసే తేదీకి నెల ముందు నుంచే హాజరు, రోజువారీ పని నమోదు పుస్తకం, పోర్టల్‌లోని వివరాలు మూడూ ఒకటిగా ఉన్నాయో లేదో చూసుకోండి. ఆ పుస్తకం మీద సూపర్‌వైజర్ సంతకాలు వారం వారం పెట్టించుకోవాలి. ఏడాది సంతకాలు ఒక్క రోజున ఒకే పెన్నుతో పెట్టిస్తే, చూసేవాడికి మొదటి పేజీలోనే తెలిసిపోతుంది.