పడవల్లో వచ్చేవారికి తలుపు మూసిన ఆస్ట్రేలియా: వెనకటి కథ

పడవల్లో వచ్చే శరణార్థులను ఆపాలన్న ఆస్ట్రేలియా పట్టుదల 2001లో మొదలైందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది దేశమంత పాతది. 1901లో ఏర్పడిన కొత్త పార్లమెంటు తొలి రోజుల్లోనే వలసల నియంత్రణ చట్టం చేసింది. తెల్లవాళ్లు కానివారిని రానివ్వకూడదన్నదే ఉద్దేశం, కానీ ఆ మాట చట్టంలో ఎక్కడా రాయలేదు. బదులుగా డిక్టేషన్ పరీక్ష పెట్టారు. అధికారి ఏదైనా యూరప్ భాషలో 50 పదాలు చదువుతాడు, వచ్చినవాడు రాయాలి. ఏ భాషన్నది అధికారి ఇష్టం. 1934లో నాజీ వ్యతిరేక రచయిత ఎగాన్ కిష్‌కు చాలా భాషలు వచ్చని తెలిసి స్కాటిష్ గేలిక్‌లో పరీక్ష పెట్టారు! అది చెల్లదని ఆ దేశ అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు తేల్చింది. అయినా ఆ పద్ధతి 1958 దాకా పోలేదు.

మధ్యలో వేరే దారి కూడా కనిపించింది. 1976లో వియత్నాం నుంచి తొలి పడవ డార్విన్ చేరినప్పుడు ఫ్రేజర్ ప్రభుత్వం వెనక్కి నెట్టలేదు. తర్వాత ఆగ్నేయాసియాలోని శరణార్థి శిబిరాల నుంచి వేల మందిని విమానాల్లో తెచ్చుకుంది. కానీ 1992లో కీటింగ్ లేబర్ ప్రభుత్వం పడవల్లో వచ్చినవారిని తప్పనిసరిగా నిర్బంధించే చట్టం తెచ్చింది.

2001 ఆగస్టులో మునిగిపోతున్న పడవ నుంచి 433 మందిని నార్వే సరుకు ఓడ టాంపా కాపాడింది. వాళ్లలో ఎక్కువమంది అఫ్గానిస్తాన్‌లోని మైనారిటీ తెగ హజారాలు. ఓడ ఆస్ట్రేలియాకు చెందిన క్రిస్మస్ దీవి వైపు రాగానే హోవార్డ్ ప్రభుత్వం దాని మీదికి కమాండోలను పంపింది. చాలామందిని పసిఫిక్‌లోని చిన్న దీవి దేశం నౌరూకు తరలించారు. మరుసటి నెలలో క్రిస్మస్ దీవిని 'వలస మండలం' నుంచి తీసేశారు. అంటే అనుమతి లేకుండా అక్కడ దిగినవారికి వీసా అడిగే హక్కు లేదు. 2013లో పడవల్లో వచ్చేవారి విషయంలో దేశ ప్రధాన భూభాగానికే ఆ నియమం వర్తింపజేశారు. డిక్టేషన్ పరీక్ష పెట్టిన బుర్రే ఇదీ చేసిందని నాకు అనిపిస్తుంది: కాదనకుండానే కాదనడం.

అదే ఏడాది పడవలను సముద్రంలోనే తిప్పి పంపడం మళ్లీ మొదలుపెట్టారు. పడవలు బాగా తగ్గిన మాట నిజం, మునిగి చనిపోయేవారూ తగ్గారు. కానీ నౌరూ, పాపువా న్యూగినీలోని మానస్ దీవుల్లో మనుషులు ఏళ్లకేళ్లు మగ్గిపోయారు. మానస్ నిర్బంధం రాజ్యాంగ విరుద్ధమని ఆ దేశ సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. పంపే దేశం దొరకనివారిని ఎంతకాలమైనా బంధించడం కుదరదని ఆస్ట్రేలియా హైకోర్టు 2023 నవంబరులో తీర్పిచ్చింది. అలా విడుదలైనవారిని తీసుకునేలా 2025లో ప్రభుత్వం మళ్లీ నౌరూతోనే ఒప్పందం చేసుకుంది.