నాటాల్ వెళ్లిన ముత్తాత ఊరు వెతికేవారికి: అపోహలు, వాస్తవాలు

దక్షిణాఫ్రికాలోని తెలుగు కుటుంబాలకు వారి పూర్వీకుల ఊరు వెతికిపెట్టడం నా పని. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. అప్పటినుంచి 1911 వరకు 1,52,184 మంది ఒప్పంద కూలీలుగా, అంటే ఇన్నేళ్లు పనిచేస్తామని ఒప్పుకుని, డర్బన్ ఉన్న నాటాల్ ప్రాంతానికి వెళ్లారు. వారిలో ఎక్కువమంది మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారే. వారి వారసులు నన్ను అడిగే ప్రశ్నల వెనుక తరచూ ఈ అపోహలే ఉంటాయి.

అపోహ: ఇంటిపేరు తెలియకపోతే ఏమీ దొరకదు.

ఇంటిపేరు ఓడ జాబితాల్లో చాలా అరుదు. ముందు వెతకాల్సింది నంబరు. నాటాల్‌లో దిగిన ప్రతి మనిషికీ, ఒళ్లో ఉన్న పసిబిడ్డకు సైతం, ఒక వలస నంబరు ఇచ్చారు. ఓడ జాబితాలో ఆ నంబరు ఎదురుగా పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది గుర్తులు రాసి ఉంటాయి. తర్వాతి జనన, వివాహ, మరణ పత్రాల్లోనూ అదే నంబరు కనిపిస్తుంది. అందుకే ఇంటర్నెట్ కన్నా ముందు ఇంట్లోని పాత కాగితాలు వెతకమంటాను. ఇక అక్కడ ఇంటిపేరుగా స్థిరపడిన ‘నాయుడు’ చాలాసార్లు ఒకప్పటి పేరు చివరి మాటే. ఆ ఒక్కటి కలిసినంత మాత్రాన రెండు కుటుంబాలు చుట్టాలు కారు.

అపోహ: గుమాస్తాలు పేర్లను పాడుచేశారు, అవి పనికిరావు.

విన్నట్టు రాశారు. పైకి చదివితే చాలా పేర్లు మళ్లీ తెలుగులోకి వస్తాయి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆధారాలు ఇవే. అప్పలస్వామి, అప్పలనరసమ్మ అని కనిపిస్తే సింహాచలం అప్పన్న కొలువున్న ఉత్తరాంధ్ర వైపు చూస్తాను. పైడయ్య, పైడమ్మ అయితే విజయనగరం పైడితల్లి గుర్తుకొస్తుంది. పెంచలయ్య, పెంచలమ్మ అంటే పెంచలకోన నరసింహస్వామిని కొలిచే నెల్లూరు, కడప ప్రాంతాలు. ఇవి రుజువులు కావు, కానీ జిల్లా గడిలో సిరా చెరిగిపోయినప్పుడు దారి చూపిస్తాయి. ఒకే ఊరివాళ్లు కలిసి బయలుదేరితే నంబర్లు పక్కపక్కనే పడతాయి కాబట్టి, దొరికిన వరుసకు పైనా కిందా ఉన్న వరుసలు కూడా చదవాలి.

అపోహ: మద్రాసు నుంచి వచ్చారు కాబట్టి తమిళులు.

మద్రాసు ఓడ ఎక్కిన రేవు మాత్రమే. చూడాల్సింది జిల్లా గడి.

అపోహ: జాబితాలో ఉన్న జిల్లాయే నేటి జిల్లా.

ఎక్కువమంది దారి తప్పేది ఇక్కడే. 1904కు ముందు గుంటూరు ప్రాంతం కృష్ణా జిల్లాలో ఉండేది. చిత్తూరు 1911 వరకు ఉత్తర ఆర్కాట్‌లో ఉంది. శ్రీకాకుళం పట్టణం 1936 వరకు గంజాం జిల్లాలో ఉంది కాబట్టి, కాగితం మీద గంజాం అని ఉన్నంత మాత్రాన ఒడిశాకు వెళ్లనక్కర్లేదు. 2022లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 26 అయ్యాక ఈ చిక్కు ఇంకా పెరిగింది. ఊరి పేరుకన్నా తాలూకాను గట్టిగా పట్టుకోండి. కొత్తపల్లులు, రామాపురాలు లెక్కలేనన్ని ఉన్నాయి.

అపోహ: ఊరు దొరికితే భూమి రికార్డుల్లో ముత్తాత పేరు ఉంటుంది.

రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే రైత్వారీ గ్రామమైతే, ఆయన పట్టాదారైతే, శిస్తు నిర్ణయించినప్పుడు రాసిన పాత సెటిల్‌మెంట్ రిజిస్టర్లలో ఉండవచ్చు. విజయనగరం, బొబ్బిలి లాంటి జమీందారీ గ్రామాల్లో రైతుల లెక్కలు ఎస్టేటు వారి దగ్గర ఉండేవి. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాకే అక్కడ రైత్వారీ సెటిల్‌మెంట్ జరిగింది. పైగా ఓడ ఎక్కినవారిలో ఎందరికో సెంటు భూమి కూడా లేదు. వారి కోసం ఊళ్లోని పెద్దల జ్ఞాపకాన్ని అడగాలి. క్రైస్తవ కుటుంబాలైతే నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల పాత మిషన్ చర్చిల బాప్తిస్మ రిజిస్టర్లు చూడాలి. నెల్లూరు నుంచి క్రైస్తవ మత ప్రచారకుడు జాన్ రంగయ్య 1903లో నాటాల్ వెళ్లింది అక్కడి తెలుగు బాప్టిస్టు క్రైస్తవుల కోసమే.

అపోహ: డీఎన్ఏ పరీక్ష ఊరు చెబుతుంది.

చెప్పదు. అదే పరీక్ష చేయించుకున్న బంధువులు ఉంటే వారిని చూపిస్తుంది, అంతే.

అపోహ: ఆడవాళ్లంతా భర్తల వెంట వెళ్లినవారే.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. 19వ శతాబ్దం చివర్లో 100 మంది మగవారికి 40 మంది ఆడవారు ఉండాలనే నిబంధన అమల్లో ఉండేది. ఒంటరిగా వెళ్లినవారు, బిడ్డను చంకనెత్తుకుని వెళ్లిన వితంతువులు జాబితాల్లో కనిపిస్తూనే ఉంటారు. వాళ్ల నంబరు వాళ్లదే, రాసి ఉన్న తండ్రి పేరూ ఊరూ వాళ్లవే. ఓడ ఎక్కేముందు కూలీలను ఉంచే డిపోలోనో, చెరకుతోటలోనో జత కలిసిన దంపతుల ఊళ్లు వేర్వేరు జిల్లాల్లో ఉండవచ్చు. అయినా చాలామంది తాత ఊరు దొరికితే చాలనుకుని ఆగిపోతారు. నా దగ్గరకు వచ్చేవారు ముత్తాత నంబరుతో పాటు ముత్తవ్వ నంబరు కూడా తీసుకురండి.