మండె వేసిన ఆకు: చైనా పాత టీ వెనక కథ

టంగుటూరులో మా మామయ్య నలభై ఏళ్లు పొగాకు పండించాడు. ఆకు ఆరబెట్టే బ్యారన్ అమ్మేసి చాలా కాలమైనా, ఆకు కనబడితే ఆయన చెయ్యి ఊరుకోదు. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు నా సంచీలో ఉన్న టీ బిళ్లను బయటికి తీసి, కాగితం మడతలు విప్పాడు. అరచేతి కన్నా పెద్దది, గట్టిగా నొక్కిన గుండ్రటి బిళ్ల. వెనక మధ్యలో బొటనవేలు పట్టేంత గుంట. ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చాడు. అంచు నుంచి ఒక ఆకు లాగి వేళ్ల మధ్య నలిపాడు.

"ఇది మండేసిన ఆకేరా అబ్బయ్యా. పొగాకు కాదు గానీ పనంతా అదే" అన్నాడు. మండె వేయడమంటే ఆకును కుప్ప పోసి మాగబెట్టడం.

తర్వాత కత్తి మొనతో బిళ్లను రెండుగా విడగొట్టాడు. పైన నిగనిగలాడే లేతాకు, లోపల అంతా నుసి. "బేలు పైన మంచాకు పరిచి లోపల చెత్త కుక్కినట్టుందే. వేలంలో ఇట్టాంటి బేళ్లు పక్కన పడేసేవాళ్లు."

అది నేను ఆన్‌లైన్‌లో ఒక దుకాణం నుంచి "20 ఏళ్ల పాత టీ" అన్న మాట నమ్మి కొన్నది. చైనా ఎక్కడుందో పట్టించుకోని మనిషి రెండు నిమిషాల్లో చూసినదాన్ని నేను రెండు నెలలైనా చూడలేకపోయాను. నేను చూసింది వయసు, ఆయన చూసింది ఆకు.

ఈ టీ పేరు పు-ఎర్. చైనా నైరుతి మూలన ఉన్న యునాన్ రాష్ట్రంలో పుడుతుంది. ఒంగోలు, నెల్లూరు వైపు కూడా ఈమధ్య దీని రుచి మరిగినవాళ్లు కనబడుతున్నారు. సింగపూర్ నుంచో హాంకాంగ్ నుంచో ఎవరో తెచ్చిస్తారు, తాగుతారు, తర్వాత తామే కొందామనుకుంటారు. నన్ను అడిగేవాళ్లంతా మొదట అడిగేది ఒకటే: "ఎన్నేళ్లది కొనమంటావు?" ఆ ప్రశ్న దగ్గరే మోసానికి దారి పడుతుంది. ఈ వ్యాపారంలో వయసు అనేది సరుకుగా ఎలా మారిందో తెలిస్తే ఆ ప్రశ్న అడగరు.

మొదట్లో ఎవరూ కావాలని మాగబెట్టలేదు. యునాన్ కొండల్లో కోసిన ఆకును పెనంలో కాసేపు వేయించి, చేత్తో నలిపి, ఎండలో ఆరబెట్టేవారు. ఆవిరి పట్టి బిళ్లలుగా నొక్కి, గుర్రాల మీద, కంచర గాడిదల మీద టిబెట్ వైపు, బీజింగ్ వైపు నెలల తరబడి మోసేవారు. పు-ఎర్ అన్నది ఆ సరుకు చేరి పన్నులు కట్టే ఊరి పేరు. ఏడు బిళ్లలు ఒక కట్టగా ఉండాలని 1735లో, అప్పట్లో చైనాను ఏలిన చింగ్ వంశపు ప్రభుత్వం నియమం పెట్టింది. ఇప్పటికీ కట్టకు ఏడు బిళ్లలే. మామూలుగా బిళ్ల 357 గ్రాములు, ఏడు కలిపితే రెండున్నర కిలోలకు ఒక్క గ్రాము తక్కువ. దారిలో వానకు తడిసి, ఎండకు ఆరి, గుర్రం ఒంటి వేడికి మగ్గి, ఆకు తనంతట తానే మారేది. మనం రోజూ పాలుపోసి కాచే టీలో ఆకు నల్లబడేది గాలి సోకి. ఇక్కడ అలా కాదు, సూక్ష్మజీవులు పని చేస్తాయి. ఊరగాయ ఊరడం, చుట్టాకు మాగడం తెలిసినవాళ్లకు ఈ తేడా చెప్పక్కర్లేదు.

ఆకు కూడా మనకు మరీ పరాయిది కాదు. పు-ఎర్ చేసే పెద్దాకు రకానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు అస్సామికా. అస్సాం, అరుణాచల్‌లలోని సింగ్‌ఫో తెగవాళ్లు అదే ఆకును వేయించి, ఎండబెట్టి, వెదురు గొట్టాల్లో కూరి పొయ్యి పైన పొగకు పెట్టి ఏళ్లకేళ్లు దాచుకుంటారు. వాళ్లు దాన్ని ఫలాప్ అంటారు. 1823లో స్కాట్లాండ్ వ్యాపారి రాబర్ట్ బ్రూస్‌కు ఈ మొక్కను పరిచయం చేసింది సింగ్‌ఫో పెద్ద బీసా గామ్. మాగిన టీ రుచి తెలుసుకోవాలనుకునేవాళ్లు దానితో మొదలుపెట్టినా నాకు అభ్యంతరం లేదు.

అసలు మలుపు హాంకాంగ్‌లో వచ్చింది. అక్కడి టీ హోటళ్లలో భోజనంతోపాటు ఈ టీ పోయడం మామూలు. పచ్చి బిళ్ల కొత్తలో చేదు, వగరు, కడుపులో తిప్పుతుంది. అందుకని వ్యాపారులు తేమ గోదాముల్లో ఏళ్లు ఉంచి మెత్తబడ్డాక అమ్మేవారు. గిరాకీ పెరిగింది, ఏళ్లు ఆగే ఓపిక మాత్రం ఎవరికీ లేదు. 1973లో యునాన్‌లోని కున్‌మింగ్ టీ ఫ్యాక్టరీకి చెందిన వూ చీయింగ్, మెంఘై ఫ్యాక్టరీకి చెందిన జౌ బింగ్లియాంగ్ మరికొందరితో కలిసి హాంకాంగ్ పక్కనున్న గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రానికి వెళ్లి అక్కడివాళ్లు ఆకును తడిపి మాగబెట్టే పద్ధతి చూసి వచ్చారు. యునాన్ ఆకుకు తగ్గట్టు దాన్ని మార్చుకున్నారు.

ఆ పద్ధతిని చైనావాళ్లు "వో దుయ్" అంటారు. మా మామయ్య భాషలో మండె. ఎండిన ఆకును గచ్చు మీద దాదాపు మీటరు ఎత్తున కుప్ప పోసి, నీళ్లు చల్లి, గుడ్డలు కప్పుతారు. లోపల వేడి 50 డిగ్రీలు దాటుతుంది. మరీ పెరిగితే ఆకు మాడిపోతుంది, చాలకపోతే పులిసిపోతుంది. అందుకని కొన్ని రోజులకోసారి కుప్పను తిరగేసి లోపలి ఆకు బయటికి, బయటిది లోపలికి వేస్తారు. నెలన్నర, రెండు నెలల్లో పదిహేనేళ్ల నలుపు వస్తుంది. దీన్ని షౌ, అంటే పండింది అంటారు. మండె వేయకుండా నిదానంగా మాగేది షెంగ్, అంటే పచ్చిది. చుట్టాకు మండె దగ్గర చెయ్యి లోపలికి దూర్చి వేడి చూసి "ఇంక తిప్పాలి" అనే రైతుకు ఇది కొత్త విద్య కాదు. మండె సరిగ్గా తిప్పకపోతే ఆకు ఏమవుతుందో కూడా ఆయనకు తెలుసు: బొగ్గులా గట్టిపడి, ఎంత నానబెట్టినా విచ్చుకోదు. నాసిరకం షౌను పట్టుకునే గుర్తు సరిగ్గా అదే.

ఇక వయసు సంగతి. అప్పట్లో ఫ్యాక్టరీలన్నీ ప్రభుత్వానివి. ఏ ఫ్యాక్టరీ బిళ్లయినా ఒకే రకం కాగితంలో వచ్చేది, చుట్టూ ఎనిమిది ఎర్ర అక్షరాలు, నడుమ ఆకుపచ్చ అక్షరం. దాని మీద తయారీ తేదీ ఉండేది కాదు. 7572 లాంటి అంకెలను చూసి చాలామంది 1975 సరుకనుకుంటారు. కాదు. మొదటి రెండు అంకెలు ఆకులు కలిపే పాళ్లు కుదిర్చిన సంవత్సరం, మూడోది ఆకు గ్రేడు, చివరిది ఫ్యాక్టరీ. 2 అంటే మెంఘై. పోయినేడు చేసిన బిళ్ల మీద కూడా 7572 అనే ఉంటుంది.

1990లలో హాంకాంగ్‌లో పాత టీ హోటళ్లు కొన్ని మూతపడి గోదాముల్లోని సరుకు బయటికి వచ్చింది. తైవాన్ సేకర్తలు ఎగబడి కొన్నారు. తేదీ లేని, ఒకే కాగితంలో చుట్టిన సరుకుకు ఒక్కసారిగా వయసును బట్టి ధర పలకడం మొదలైంది. కొత్త బిళ్లను తడి గోదాములో రెండేళ్లు ఉంచి ఇరవై ఏళ్లదని అమ్మే విద్య కూడా పెరిగింది. 2005లో యునాన్ నుంచి బీజింగ్‌కు గుర్రాల బిడారు నడిపించి ప్రచారం చేశారు. 2007లో సిమావో నగరానికి పు-ఎర్ అని పేరే మార్చారు. అదే ఏడాది ధరలు ఆకాశానికంటి, కుప్పకూలాయి. అప్పటి జోరులో హడావిడిగా నొక్కిన సరుకు ఇప్పుడు దాదాపు ఇరవై ఏళ్లది. వయసుంది, ఆకు మాత్రం బాగోలేదు. పాతదైనంత మాత్రాన దొడ్డు బియ్యం నెల్లూరు మొలగొలుకులు అయిపోతాయా?

2008లో చైనా ప్రమాణం వచ్చింది. యునాన్‌లో నిర్దేశించిన ప్రాంతపు పెద్దాకు, ఎండలో ఆరబెట్టిందయితేనే పు-ఎర్ అనాలని చెప్పింది. మంచి పనే. కానీ గోదాములో ఎలా ఉంచారన్నది ఏ ప్రమాణమూ కాగితం మీద చెప్పలేదు, మన ముక్కే చెప్పాలి.

కాబట్టి కొత్తగా కొనేవాళ్లకు నా మాట ఇది. మెంఘై, షియాగ్వాన్ లాంటి పేరున్న ఫ్యాక్టరీల షౌ, మూడు నుంచి ఏడేళ్లది, 100 గ్రాములకు మించకుండా తీసుకోండి. చిన్న నమూనాలు అమ్మేవాళ్లుంటే ఇంకా మంచిది. దిగుమతి సుంకం, కొరియర్ ఖర్చు కలిశాక కూడా చవగ్గా దొరికే "ముప్పై ఏళ్ల షెంగ్"ను ముట్టుకోకండి. పైన లేతాకు పరిచినంత మాత్రాన మోసం కాదు, 7572లోనే ఆ ఆనవాయితీ ఉంది. లోపల ఆకు ఉందా, నుసి ఉందా అన్నదే చూడాల్సింది.

ఐదు గ్రాములు చిన్న గిన్నెలో వేసి, సలసల కాగే నీళ్లు పోసి, పది సెకన్లలో పారబోయండి. ఆ తడి ఆకును వాసన చూడండి. తడి మట్టి, పాత చెక్క, ఖర్జూరం వాసనలుంటే మంచిది. కొత్త షౌలో కాస్త నీచు వాసన ఉంటుంది, గాలి తగిలేచోట కొన్ని నెలలుంచితే తగ్గుతుంది. బూజు పట్టిన గోనె వాసన వస్తే, పచ్చగానో పసుపుగానో నూగు కనబడితే, పారేయండి, డబ్బు గురించి ఆలోచించకండి. రెండో నీళ్లు ముదురు ఎరుపులో ఉన్నా గ్లాసు అడుగు కనబడాలి. ఎనిమిది, పది సార్లు నీళ్లు పోయవచ్చు. పాలు, పంచదార వద్దు.

మన దగ్గర ఉంచడమే కష్టం. మేలో వడగాలికి బిళ్ల ఎండి నిస్సారమవుతుంది, ఈశాన్య రుతుపవనాల తుఫాన్లకు గోడలే చెమ్మగిల్లుతాయి. తేమ 60, 70 శాతం మధ్య ఉంటే చాలు, 80 దాటితే బూజు. నేను కొత్త మట్టి కుండలో, నడింట్లో, ఎండ తగలనిచోట పెట్టి పక్కన తేమ చూసే చిన్న మీటరు ఉంచాను. వంటింట్లో వద్దు, ఇంగువ, ఎండుచేప వాసన రెండు రోజుల్లో పట్టేస్తుంది. దేవుడి గదిలోనూ వద్దు, అగరొత్తులుంటాయి. పొగాకు ఉన్న ఇంట్లో అసలే వద్దు.

ఉగాదికి మళ్లీ టంగుటూరు వెళ్లినప్పుడు 7572 బిళ్ల ఒకటి పట్టుకెళ్లాను. మొదటి రెండు గ్లాసులకు మామయ్య ఏమీ అనలేదు. నాలుగో నీళ్ల తర్వాత గిన్నెలోంచి ఒక ఆకు తీసి అరచేతిలో పరిచాడు. ఈనె కనబడేదాకా విప్పి, అంచులు సరిచేశాడు. "విచ్చింది" అన్నాడు. మిగిలిన బిళ్లను కాగితంలో చుట్టి, పెన్సిల్ అడిగి, పైన ఆ రోజు తేదీ రాశాడు.